నీళ్ళ మీద కాపురం

పడవలో కాపురం పెట్టినవాళ్ళని చూద్దువుగాని రమ్మని మా చెల్లెలు అన్నప్పుడు, ఏదో హాస్యానికంటోంది కాబోలు అనుకున్నాను. గోదావరి మీద పడవలోనే వండుకుని, పడవలోనే పడుకునే వాళ్ళని చిన్నప్పుడు చూడకపోలేదు. కానీ వాళ్ళకది బతుకుతెరువు. ఉన్న ఇల్లు అమ్మేసి, చేస్తున్న ఉద్యోగాలు మానేసి, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని పడవెక్కడం ఏం సరదా చెప్పండి!

ఇది 2022 అక్టోబరు ఆఖరి మాట. చెల్లెలు ఉండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్ ఊళ్ళో. ఆ పడవ ఇల్లాలు ఇదివరకు దాని ఆఫీసులోనే పనిచేసేదట. చలికి భయపడి పక్షులు దక్షిణాదికి పోయినట్టే ఏటా ఎన్నో పడవలు అటు పోతాయిట. మరీ ముందు బయల్దేరితే తుఫాన్ల భయం, ఆలస్యం చేస్తే మంచు. ఆ రెంటి సందులోంచి జారిపోవాలి. సముద్రంలోకి పోకుండా తీరం వెంటే నదులూ కాలవలూ కలుపుకుంటూ నార్ఫోక్ నుంచి మయామీ దాకా సుమారు 1,090 మైళ్ళ నీటిదారి ఉంది. సున్నా మైలు నార్ఫోక్ దగ్గరే. మొదటిరోజు ప్రయాణంలో మమ్మల్ని కూడా ఎక్కించుకుంటామన్నారు. సాయంత్రం మా మరిది కారేసుకొచ్చి దింపుకుపోవాలని ఏర్పాటు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను అమెరికా వెళ్ళింది చెల్లెల్ని చూడ్డానికే. అయినా నా పెట్టె అడుగున కొన్ని కాగితాలున్నాయి. రాజమండ్రిలో నాన్నగారి ఇల్లు అమ్మడానికి దాని సంతకం కావాలి. వానాకాలం వస్తే పెంకులు సర్దించేది నేను, అద్దెకున్నవాళ్ళతో పడేది నేను, పన్ను కట్టేది నేను. ఎనిమిదివేల మైళ్ళ అవతల కూర్చుని "అమ్మకే అక్కా" అనేది అది. ఒకసారి ఫోన్లో మాటామాటా వచ్చి నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. వచ్చి మూడు వారాలైనా ఆ ఊసు నేనెత్తలేదు, అదీ ఎత్తలేదు. ఇద్దరం పచ్చళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

పడవ పొడుగు ముప్ఫై ఎనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. అందులోనే వంటిల్లు, పడకలు, స్నానాలగది, పిల్లల బడి. పొయ్యి ఉయ్యాలలా వేలాడుతోంది, పడవ ఒరిగినా గిన్నె ఒరగకుండా. పంపు కాలితో తొక్కితే నీళ్ళు సన్నటి ధారగా వస్తాయి. ఉల్లిపాయలు పిల్లవాడి పక్క కింద. తెరచాప మాత్రం చుట్టేసే ఉంది. కాలవలో ఇంజనే గతిట. నా ముఖం చూసి ఇంటాయన నవ్వాడు.

లాకులంటే మా జిల్లావాళ్ళకి కొత్తేమిటి! అమ్మమ్మ ధవళేశ్వరం లాకులు దాటి కాకినాడ కాలవ మీద పడవలోనే అత్తారింటికి వెళ్ళింది. ఇక్కడ డీప్ క్రీక్ లాకులో మా వెనక తలుపులు మూసి నీళ్ళు వదిలితే పడవ ఎనిమిదడుగులు పైకి లేచింది. అవతల డిస్మల్ స్వాంప్ కాలవ. దిగులు పుట్టించే చిత్తడినేల అని దాని పేరు. ఇరవై రెండు మైళ్ళు సూటిగా గీత గీసినట్టుంటుంది. 1793లో తవ్వడం మొదలెట్టి 1805లో పడవలు వదిలారు. తవ్వింది బానిసలు, చేతుల్తో. ఆ చిత్తడి అడవిలోకే పారిపోయి తరతరాలు దాక్కుని బతికిన బానిసలూ ఉన్నారు. నీళ్ళు అచ్చం డికాక్షనే. చెట్ల వేర్లూ ఆకులూ ఊరి ఆ రంగు. పాడవకుండా ఉంటాయని పూర్వం ఓడలవాళ్ళు పీపాలకెత్తుకునేవారట. రెండుసార్లు అడుగున దుంగలు తగిలి పడవ ధనామంది. ఇల్లాలు రొట్టె కోస్తూ తలెత్తనైనా లేదు. నేను మాత్రం అన్ని దేవుళ్ళకీ మొక్కేశాను.

నేను వాళ్ళకి ఆవకాయ సీసా, పన్నెండేళ్ళ పిల్లకి కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మా పట్టుకెళ్ళాను. తీరా ఇచ్చాక తెలిసింది, ఆ పడవలో ఒక నియమం ఉంది. ఒక వస్తువు లోపలికొస్తే ఇంకోటి బయటికి పోవాలి. నాకు సిగ్గేసింది. ఇల్లాలు సీసా మూత తీసి వాసన చూసి, నాలుగుసార్లు తుమ్మి, అరలోంచి జామ్ సీసా తీసి మా చెల్లెలి చేతిలో పెట్టింది.

పిల్ల తన పెట్టె తెచ్చుకుంది. చెప్పులపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. దాని సొంత ఆస్తంతా అందులోనే. అన్నీ బల్ల మీద పరిచింది. రంగుపెన్సిళ్ళు, రెండు పుస్తకాలు, అమ్మమ్మ ఫోటో, ఒక గుడ్డలో చుట్టిన మూడు ఇత్తడి అంకెలు. అవి వాళ్ళ పాత ఇంటి తలుపు మీద నంబరట. ఇల్లు అమ్మిననాడు నాన్న మర విప్పి ఇచ్చాడట. ఏనుగు పట్టాలంటే ఏదో ఒకటి తియ్యాలి. పిల్ల చాలాసేపు చూసింది. అంకెలు చేతిలోకి తీసుకుంది. నాకు గుండె ఆగినట్టైంది. "వద్దమ్మా, బొమ్మ నేను తీసుకుపోతాలే" అన్నాను. పిల్ల అంకెల్ని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, ఒక పుస్తకం తీసి నాకిచ్చింది. "ఇది చదివేశాను" అంది.

ఇల్లు వదల్డానికి ఏడుపు రాలేదా అని ఇల్లాల్ని అడిగాను. మనకి అలా అడిగేయడం అలవాటే కదా! "రోజూ ఏడ్చాను. ఏడుస్తూనే సామాన్లు సర్దాను" అంది. ముందు ముందు ఫ్లోరిడా నుంచి బహామా దీవులకి దాటాలిట. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ ఉత్తరానికి పరుగెడుతుంటుంది. దానికెదురుగా ఉత్తరపు గాలి వీస్తే కెరటాలు నిట్టనిలువుగా లేస్తాయి, అప్పుడు దాటకూడదు. గాలి తిరిగేదాకా రోజుల తరబడి కాచుక్కూచోవడమే. "అదొక్కటే భయం" అంది.

పదిహేడు మైళ్ళకి నాలుగు గంటలు పట్టింది. సరిహద్దు దాటాక నార్త్ కరోలినాలో ఒక విడిది ఉంది. ఒకవైపు రోడ్డు, ఒకవైపు కాలవ, కార్లవాళ్ళకీ పడవలవాళ్ళకీ ఒకటే. మరిది ఇంకా రాలేదు. ఇద్దరం గట్టు మీద బెంచీ మీద కూర్చున్నాం. చీకటి పడుతోంది. పడవలో దీపం వెలిగింది.

"అక్కా, మన నూతి గిలక ఉందా ఇంకా?" అంది చెల్లెలు, జామ్ సీసా మూత తిప్పుతూ.

"ఉంది. తుప్పు పట్టింది."

"అది నాకు పంపెయ్. ఆ కాగితాలు తెచ్చావుగా, పెట్టె సర్దుతుంటే చూశాను. రేపు ఇయ్యి."

మూడు వారాలుగా ఆ మాట కోసమే కదా కాచుకున్నాను! తీరా వచ్చాక ఏమీ అనలేకపోయాను. "మంచు పడుతోంది, చెంగు కప్పుకో" అన్నాను. చెల్లెలు ప్యాంటులో ఉంది.

కాగితాలు మర్నాడు తియ్యలేదు. వచ్చేసే ముందురోజు అదే పెట్టె తెరిచి తీసుకుంది. తర్వాత వాషింగ్టన్‌లో మన ఎంబసీ ముద్ర వేయించి పంపింది. 2023 వేసవిలో ఇల్లు అమ్మేశాం. ఆ ఫిబ్రవరిలోనే పడవవాళ్ళు బహామా చేరిన ఫోటో వచ్చింది. పొయ్యి పక్కన మా ఆవకాయ సీసా ఉంది, సగానికి పైగా ఖాళీ.

గిలక బరువు మూడు కిలోలు. అటు వెళ్ళేవాళ్ళని ఎవర్నడిగినా పెట్టె నిండా అప్పడాలూ పొడులే, చోటు లేదంటున్నారు. ప్రస్తుతానికి నా రాతబల్ల మీదే ఉంది. ఫాను గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను.