దన్నానపేట రాతిబండకడ

విజయనగరమున ఉదయము రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితిమి. స్టేషను పేరు శ్రీకాకుళమేగాని ఊరు ఆమదాలవలస. అచటినుండి ఆటోలో దన్నానపేట చేరితిమి. కొన్ని రాళ్లపై మోపిన ఒకే పెద్దబండ యచట గలదు. పొడవు సుమారు 36 అడుగులు. ఇట్టి కట్టడములను తెలుగునాట పలుచోట్ల రాక్షసగుళ్లందురు. ఇనుము వాడుక నెఱిగిన మనుష్యులే, చనిపోయినవారికై వీనిని నిలిపిరి.

మా అమ్మాయి బండను తాకి, "అమ్మా, మనుష్యులు పుట్టినది అప్పుడేనా?" అని యడిగెను. కాదు. ఇట్టి సమాధులలో పెక్కింటి వయస్సు రెండు మూడువేల యేండ్లే. మానవజాతియో, మొరాకోదేశపు జెబెల్ ఇర్హూద్‌లో దొరకిన యెముకలనుబట్టి, సుమారు 3 లక్షల యేండ్లనాటిది. ఆ లెక్కకు ఈ బండ నిన్నటిది.

సోదరీమణులారా, ఈ చరిత్రలో మనకే సంబంధించిన సంగతి యొకటి కలదు. మన దేహకణములలో మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములున్నవి. వానిలోని వంశద్రవ్యము బిడ్డకు తల్లినుండియే వచ్చును. కొడుకునకును వచ్చును గాని యతనితో నాగిపోవును. కూతురే దానిని ముందునకు నడపును. 1987లో అమెరికాయందు రెబెక్కా కాన్ అను విదుషియు, ఆమె సహచరులును 147 మందినుండి దీనిని సేకరించి పోల్చిరి. దేనినుండి సేకరించిరనుకొన్నారు? చాలవఱకు పురిటిమావినుండి! మన మంత్రసానులు గొయ్యి తీసి పాతిపెట్టుచువచ్చిన మావియే. ఆ తల్లివరుసలన్నియు సుమారు 2 లక్షల యేండ్లక్రిందట, బహుశః ఆఫ్రికాలో, జీవించిన యొక స్త్రీకడ కలిసినవి. నాడు లోకమున ఆమె యొక్కతెయే యున్నదని కాదు. తక్కినవారి వరుసలు, ఆడపిల్ల లేని యిండ్లకడ, ఒక్కొక్కటే తెగిపోయినవి.

ఆఫ్రికా వీడి వచ్చినవారి తల్లివరుసలు రెండు పెద్దకొమ్మలు. వానికి ఎం, ఎన్ అని పేర్లు. మన దేశమున ఎం కొమ్మ మిక్కిలి హెచ్చు. 2003లో వెలువడిన యొక పరిశోధనలో మన చెంచులను, కోయలను చేర్చి చూడగా, ఆ తొలి వలసవారి సొత్తు అడవిజాతులయందును, మైదానపు కులములయందును నిలిచియున్నట్లు తేలినది. సీతంపేట సంతకు కొండదిగు సవర స్త్రీ భాష వేఱు, ఆమెకడ చింతపండు బేరమాడు మన భాష వేఱు. వెనుకకు పోగా పోగా తల్లి యొక్కతెయే.

పెండ్లిలో ప్రవర చదువునపుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు వినవచ్చును. తల్లివరుస నెవరును చదువరు. తిరుగురైలుకై వేచియుండగా అమ్మాయి, "నీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరేమి?" అనెను. నాకు తెలియలేదు. నా చదువంతయు ఆ ప్లాటుఫారముమీద సిగ్గుపడినది. మఱునాడు బొబ్బిలిలోని మా పెద్దమ్మ నడిగితిని. ఆమె చాలసేపు ఆలోచించి పేరు చెప్పినది. ఆమె తల్లి యెవరంటిని.

"పేరెవరికి తెలుసునే? పాలకొండ వైపు పిల్లని మా అమ్మ అనేది."

అమ్మాయి తన నోటుబుక్కులో పేరుండవలసిన చోట 'పాలకొండ' అని వ్రాసికొన్నది.