బొటనవేలి కింద బోటు

లక్సెట్టిపేట వాళ్లకు గోదావరి అంటే గంగే. ఎండాకాలంలో గంగ సన్నబడితే ఇసుకలో నడుచుకుంటూ నీళ్లదాకా పోయేవాళ్లు. దిగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టి 20 టీఎంసీల దాకా నీళ్లు ఆపడం మొదలయ్యాక ఆ లెక్క మారింది. కర్ణమామిడి లాంటి ఊళ్లు నీటి అడుక్కి పోయాయి. పైకి చూస్తే పెద్ద చెరువులా నిశ్చింతగా ఉంటుంది. అడుగున మాత్రం పాత గోడలు, చెట్ల మొద్దులు, రాళ్లు, ఇసుక మేటలు.

బెస్తవాళ్ల పుట్టికి వీటితో పెద్ద పేచీ లేదు. కాసిన్ని నీళ్లుంటే చాలు, తేలుతుంది. తెడ్డుకు ఏదైనా తగిలితే చేతికే తెలుస్తుంది. చిక్కంతా వెనక మోటారు బిగించిన బోటుతోనే. షికారు బోటైనా, వరదలో జనాన్ని ఒడ్డుకు చేర్చే బోటైనా దాని మోటారు కాలు, పడవ అడుగుభాగం కన్నా అడుగో అడుగున్నరో కిందికి వేలాడుతూ ఉంటుంది.

ఆ కాలిని వంచడానికే పవర్ ట్రిమ్. చిన్న మోటార్లకు సాధారణంగా ఇది ఉండదు. పడవ ఆపి, మోటారును చేత్తో ఎత్తి, బ్రాకెట్ రంధ్రాల్లో చీల మార్చుకోవాలి. పెద్దవాటికైతే త్రాటిల్ పిడి మీదే ఓ బటన్. బొటనవేలితో నొక్కితే బ్యాటరీతో తిరిగే పంపు నూనెను తోస్తుంది, హైడ్రాలిక్ రాడ్లు కదులుతాయి. ట్రాక్టరు ట్రాలీ లేచినట్టే. పని ఎంత తేలికో పొరపాటూ అంతే తేలిక.

కాలు పడవ వైపు వంగితే ముక్కు దిగుతుంది. వెనక్కి ఎత్తితే ముక్కు లేస్తుంది. బయల్దేరేటప్పుడు కాలు లోపలికే ఉండాలి. లేదంటే త్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఆకాశం చూస్తుంది. ఎదురుగా వల ఉందో, పుట్టి ఉందో, మనిషే ఉన్నాడో నడిపేవాడికి కనపడదు. అలాగని వేగం అందుకున్నాక కూడా దాన్ని లోపలే వదిలేయకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ముక్కు నీళ్లను దున్నుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అప్పుడు పడవ ఉన్నట్టుండి పక్కకు గిర్రున తిరిగిందంటే, అంచున కూర్చున్నవాళ్లు నీళ్లలోనే.

మరి ఎత్తుకుంటూ పోతే? పడవ ముక్కు ఎగిరెగిరి పడుతుంది. ఇంకా ఎత్తితే ఫ్యాను నీటికి బదులు గాలి పీలుస్తుంది. ఇంజన్ అరుస్తుంది, పడవ మాత్రం ముందుకు పోదు. అందుకే కూరలో ఉప్పు వేసినట్టు... కొంచెం నొక్కాలి, వదలాలి, చూడాలి. ఇంజన్ గొంతు తేలికపడి, స్టీరింగ్ చేతిలో కుదురుగా నిలిచిందా? అక్కడితో ఆపాలి. మలుపు తిప్పే ముందు వేగం తగ్గించి, కాలిని మళ్లీ కొంత లోపలికి తెచ్చుకోవాలి.

ఈ లెక్కంతా పడవలో మనుషులు కదలనంత వరకే. వెనక కూర్చున్న నలుగురు ఫోటో కోసం ఒక్కసారిగా ముందుకొచ్చారనుకోండి, బరువు మారిపోయినట్టే. ‘ఇంకో ఇద్దరు ఎక్కండి, ట్రిమ్‌తో సరిచేస్తా’ అనే డ్రైవరు దొరికితే ఆ బోటు దిగిపోవడమే మంచిది. లైఫ్ జాకెట్ పని ఆ బటన్ చేయదు. డ్రైవరు ఒంటికి తగిలించుకోవాల్సిన ఎర్ర తాడు సంగతీ అంతే. మనిషి పడిపోతే ఇంజన్‌ను ఆపేది అదే. దాన్ని స్టీరింగ్‌కు దండలా వేలాడదీస్తే ఏం లాభం?

లోతు తగ్గిన చోట ముందు వేగం తగ్గించాలి, తర్వాతే మోటారు ఎత్తాలి. ఎంత ఎత్తినా నీళ్లు పీల్చే రంధ్రాలు మునిగే ఉండాలి. ఇంజన్ పక్కనుంచి సన్నటి ధార పడుతోందా లేదా అని ఓ కన్నేసి ఉంచాలి. ధార ఆగితే ఇంజన్ ఆపేయాల్సిందే. ఫ్యానుకు వల చుట్టుకుంటే మరీ జాగ్రత్త. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, మోటారును పూర్తిగా ఎత్తి లాక్ వేశాకే చెయ్యి పెట్టాలి. ఒక్క హైడ్రాలిక్ నూనెనే నమ్ముకోవద్దు. 60 గుర్రాల మోటారు క్వింటాలుకు అటూఇటూ ఉంటుంది. అది జారిందంటే వేళ్లు మిగలవు.

2022 జులైలో మంచిర్యాల కాలనీల్లోకి గోదావరి వరద వచ్చింది. మాతాశిశు ఆసుపత్రిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలా నీళ్లు నిండిన వీధిలో పడవ కింద ప్రహరీ గోడ ఉండొచ్చు, గేటు ఊచలుండొచ్చు, కరెంటు తీగలూ ఉండొచ్చు. అక్కడ మోటారు సగం ఎత్తి, నడక వేగంతోనే పోవాలి. ముందు ఒక మనిషి ఎండిన వెదురు కర్రతో లోతు చూస్తూ కూర్చోవాలి. అతను చెయ్యి ఎత్తితే ఇంజన్ ఆపి, తెడ్లు తీయాలి.