చేపల తొట్టిలో గోధుమరంగు పూత

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు మంచాలూ బీరువాలూ లారీ ఎక్కుతాయి గాని, నీళ్ళూ చేపలూ ఎక్కవు. అందుచేతనే కాబోలు, ఉద్యోగరీత్యా ఊరూరా తిరిగే మనవంటి వారి ఇండ్లలో చేపల తొట్టి అరుదు. అయినను, మన సంస్థ పనిమీద ఆవపల్లికి వచ్చిన రెండవ సంవత్సరం మేము ఒక తొట్టి అమర్చుకున్నాము. పూర్వం బస్తరు జిల్లాలో ఉండి, 2007 నుండి బీజాపూర్ జిల్లాకు చెందిన ఊరు ఇది. పిల్లలు చదువుల నిమిత్తం దూరాన ఉన్నారు. పగలంతా ఒంటరిగా ఉండే మా శ్రీమతికి కళ్ళెదుట కదలాడే ప్రాణులు కొన్ని ఉంటే బాగుండునని తోచింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి. అంచు వదిలి నింపితే సుమారు 50 లీటర్లు. జగదల్‌పూర్ నుండి 12 గప్పీ చేపలను తెచ్చి జూన్ నెలలో వదిలాము.

మూడవ వారానికి గాజు మీద, గులకరాళ్ళ మీద, మొక్కల ఆకుల మీద గోధుమరంగు పూత పట్టింది. గ్లాసు అడుగున ఎండిన టీ మరకవలె ఉన్నది. దీనిని చిన్న విషయమని కొట్టివేయటానికి వీలులేకపోయింది. అంతకు ముందటి వర్షాకాలంలో మా శ్రీమతి మలేరియాతో పది రోజులు మంచం పట్టింది. చర్ల ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన పొరుగింటామె తొట్టిని చూసి, "అన్నయ్యగారూ, మురుగునీళ్ళు ఇంట్లో పెట్టుకుంటే దోమలు రావా? పారబోయండి" అన్నది. "ఏమండీ, ఆవిడ చెప్పిందీ నిజమేనేమో, ఎవరికైనా ఇచ్చేద్దాం" అని మా శ్రీమతి అన్నప్పుడు ఆమె గొంతులో దిగులు మాకు వినిపించింది.

మొదట ఆ పూత ఏమిటో తేలాలి గదా. 2020 జనవరిలో 'మలేరియా ముక్త బస్తర్' కార్యక్రమం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో రక్తపరీక్ష అంటే తెలియని ఇల్లు లేదు. ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో రక్తపు చుక్కలను పరీక్షించే కుర్రవాడు, పని లేని వేళ చూసి, మేము గాజుపలక మీద పట్టుకెళ్ళిన మరకను తన సూక్ష్మదర్శిని కింద ఉంచాడు. బంగారు రంగు పడవలవంటి కణాలు వందలకొద్దీ! కొన్ని మెల్లగా జారుతూ కదులుతున్నాయి కూడా. అవి డయాటములు.

వాడుకలో దీనిని గోధుమ నాచు అంటారు గాని, ఇది నిజమైన గోధుమ నాచు కాదు. ఆ జాతులు దాదాపు అన్నీ సముద్రవాసులే. విశాఖ తీరపు రాళ్ళను పట్టుకుని పెరిగే సర్గాసం అటువంటిది. డయాటము ఏకకణజీవి. దానిలోనూ పత్రహరితం ఉన్నది. ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం దానిని కప్పివేయటం చేత గోధుమరంగుగా కనిపిస్తుంది. దాని విశేషం దాని పెంకు. ఆ పెంకు సిలికాతో, అనగా గాజు జాతి పదార్థంతో, నిర్మితమైనది. యుగాల తరబడి పేరుకున్న ఇట్టి పెంకుల మట్టిలోనే ఆల్ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిసరిన్‌ను ఇంకించి 1867లో డైనమైటుకు పేటెంటు పొందాడు. గనులలో పనిచేసిన మిత్రులకు ఈ ముక్క రుచించవచ్చును.

సిలికా పేరు వినగానే మాకు పాత శత్రువు ఎదురైనట్లయింది. మా ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలు బాయిలర్ల వద్ద గడిచాయి. అధిక పీడనం వద్ద సిలికా ఆవిరితోపాటు లేచిపోయి టర్బైన్ రెక్కలపై గట్టి పొరగా పేరుకుంటుంది. అందుకే ఆవిరిలో కిలోకు 20 మైక్రోగ్రాములు మించితే రసాయన విభాగం వారు నిద్రపోనిచ్చేవారు కాదు. బోరు నీరు రాళ్ళ పగుళ్ళలో ఊరి వస్తుంది గనుక, అందులో లీటరుకు పదుల మిల్లీగ్రాముల సిలికా ఉండటం సాధారణం. ఆ లెక్కన మా తొట్టి డయాటములకు విందుభోజనమే. పైగా అవి మసక వెలుతురుకు ఓర్చుకోగలవు. మబ్బు పట్టిన ఆషాఢంలో, కరెంటు వస్తూ పోతూ ఉండే ఇంట్లో, మొక్కలు డస్సిపోయినా అవి వర్ధిల్లుతాయి.

ఇక్కడనే సాధారణంగా అందరూ చెప్పే సలహా బెడిసికొడుతుంది. "నీళ్ళన్నీ తీసేసి, రాళ్ళు తోమి, మళ్ళీ నింపండి" అంటారు. కొత్త బోరు నీరు పోసిన ప్రతిసారీ కొత్త సిలికా పోసినట్లే. అంతేగాక, చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళ మీదా, ఫిల్టరు స్పాంజిలోనూ స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తోమితే అవీ పోతాయి. నాచును చంపే మందు సీసా ఒకటి అంగట్లో చూపించారు. చీటీ చదివితే రాగి లవణం అని ఉన్నది. నత్తలకది విషం, మోతాదు తప్పితే చేపలకూ అంతే. అక్కడే పెట్టి వచ్చాము.

మేము చేసినది కొద్దిపాటి పని. ఆదివారం నాడు మెత్తని గుడ్డతో గాజు తుడవటం (వేలితో రాస్తే పోయేంత మెత్తని పూత అది), గొట్టంతో అడుగు నుండి 12 లీటర్లు తోడివేయటం, ఆ మేరకు నీరు కలపటం. ఆ నీటిలో సగం వాననీరు. దానిలో సిలికా దాదాపు ఉండదు. రేకుల మీది నుండి జారిన నీరు పట్టలేదు, జింకు చేపలకు పడదు గనుక; పెరట్లో ఆరుబయట బిందెలు పెట్టి పట్టాము. మొత్తం వాననీరే పోస్తే నీటి కాఠిన్యం పడిపోతుంది, గప్పీలు దానిని ఓర్వవు. మేత తగ్గించి, ఇన్వర్టరు మీద దీపం రోజుకు 8 గంటలు వెలిగించాము. దగ్గరి చెరువు నుండి తెచ్చిన హైడ్రిల్లా రెమ్మలను కడిగి నాటాము.

దోమల సందేహం మాత్రం మాటలతో తీరేది కాదు. పెరట్లో పాత కుండలోని నీళ్ళలో లార్వాలు తిరుగుతుండగా, పొరుగింటామెను పిలిచి, ఒక గ్లాసెడు ముంచి ఆమె ఎదుటనే తొట్టిలో పోశాము. గప్పీలు ఎగబడ్డాయి. కాఫీ తాగే లోపున ఒక్క లార్వా మిగలలేదు. దోమల నివారణకు మన దేశంలో బావులలో, తొట్లలో ఈ చేపలను వదిలే పద్ధతి చాలాకాలంగా ఉన్నదే. పూత పట్టిన గాజు కాదు, చేపలు లేని ఆ కుండ దోమలకు పుట్టిల్లు. మా శ్రీమతి అప్పటికప్పుడే కుండను బోర్లించింది.

ఏడవ వారానికి గోధుమరంగు వెనుకపట్టింది. హైడ్రిల్లా నీటి పైదాకా పాకింది. గాజు మీద అక్కడక్కడ ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. వీటిని బ్లేడుతో గీకవలసిందే, గుడ్డకు లొంగవు. చలికాలంలో వెలుతురు తగ్గినప్పుడు ఫిల్టరు గొట్టం మీద మళ్ళీ కొద్దిగా గోధుమ మరక కనిపించింది, తుడిచాము. గప్పీలు పిల్లలు పెట్టి 12 కాస్తా 30 దాటాయి. మొన్న పొరుగింటామె స్టీలు గిన్నె పట్టుకుని వచ్చి, "వదినగారూ, మా సిమెంటు తొట్టిలోకి నాలుగు చేపలు ఇస్తారా?" అని అడిగింది. మా శ్రీమతి లెక్కపెట్టి ఆరింటిని ఇచ్చింది.