గోల్ఫ్ ఊరందరిదైన చోట

మా నాయిన ముప్పై ఏళ్లు గోల్ఫ్ కోర్సులో ఉన్నాడు. ఆడటానికి కాదు, గడ్డి కోయటానికి. తెల్లారి నాలుగున్నరకే సైకిల్ తొక్కుకుంటూ పోయి, మెంబర్లు కార్లు దిగే టైముకు గ్రీన్లన్నీ దువ్వి పెట్టేవాడు. హైదరాబాద్ దగ్గరే ఆ క్లబ్బు. రిటైరైన రోజు శాలువా కప్పారు, ఫొటో తీశారు. ‘ఒక్క షాట్ కొట్టి చూడు’ అని మాత్రం ఎవరూ అనలేదు.

నాది గ్లాస్గోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడికి వచ్చాకే, ఆఫీసు వాళ్లు లాక్కెళితే, నేనూ గోల్ఫ్ నేర్చుకున్నా. జూన్‌లో అమ్మానాయినలు వస్తున్నారనగానే ప్లాన్ మొదలెట్టా. తొమ్మిది రోజులు, ఏడు కోర్సులు, ఎక్సెల్ షీట్‌లో గంట గంటకూ లెక్క. వీడియో కాల్‌లో చూపిస్తే నాయిన నవ్వాడు.

“గిన్ని తిరిగి ఏం జేస్తవ్ రా? గడ్డి సూడాలంటే నిలవడి సూడాలె.”

ఆ రాత్రే షీట్ చెరిపేశా. మిగిలింది మూడే: ఒక నగరం, ఒక చిన్న ఊరు, ఒక దూరపు ఒడ్డు.

ఇంతకీ లింక్స్ అంటే?

మనం టీవీలో చూసే పచ్చటి చెట్లూ, అద్దాల్లాంటి చెరువులూ ఉన్న గోల్ఫ్ కోర్సు వేరు. లింక్స్ వేరు. సముద్రానికీ పంట పొలానికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల అది. పాత ఇంగ్లిష్‌లో గట్టు, మిట్ట అనే అర్థం ఉన్న మాటలోంచి వచ్చింది ఆ పేరు. పంట పండదు కాబట్టి ఊరివాళ్లు గొర్రెలు మేపుకున్నారు, బట్టలు ఆరేసుకున్నారు, గోల్ఫ్ ఆడుకున్నారు. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న గుంతలే తర్వాత బంకర్లయ్యాయని చెబుతారు.

ఇక్కడ చెట్లుండవు. గాలే అసలు అడ్డంకి. బంతిని పైకి లేపితే గాలి ఎత్తుకుపోతుంది. అందుకే నేల మీద దొర్లిస్తూ ఆడాలి. ఇసుకలో నీరు నిలవదు కాబట్టి నేల గట్టిగా ఉంటుంది. బంతి గంతులేస్తూ పోతుంది. మన ఊళ్లో గోటీబిళ్ల ఆడినోళ్లకు ఈ లెక్క తొందరగా అర్థమవుతుంది.

మొదటి మజిలీ: ఎడిన్‌బరా

గోల్ఫ్ అంటే ఊరికి దూరంగా గేటు, ఆ గేటు దగ్గర సెక్యూరిటీ అనుకుంటాం కదా? ఎడిన్‌బరా నడిబొడ్డున బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ ఉంది. పార్కు లాంటి మైదానం. వేసవిలో అక్కడ చిన్న చిన్న హోల్స్‌తో షార్ట్ కోర్సు నడుస్తుంది. ఫీజు లేదు. ఒక పిచింగ్ వెడ్జ్, ఒక పుట్టర్, రెండు బంతులుంటే చాలు. మేం వెళ్లిన సాయంత్రం ఒకవైపు స్టూడెంట్లు బార్బెక్యూ చేసుకుంటున్నారు, ఇంకోవైపు స్కూలు పిల్లలు ఆడుతున్నారు.

నాయిన చాలాసేపు గేటు కోసం వెతికాడు. లేదని చెప్పా. “మరి టికెట్ ఎవరు అడుగుతరు?” అన్నాడు. ఎవరూ అడగరంటే నమ్మలేదు. ఆడమంటే మాత్రం ఆడలేదు. “నాకెందుకు రా” అని బెంచీ మీద కూర్చున్నాడు.

మర్నాడు లీత్ లింక్స్‌కి వెళ్లాం. ఇప్పుడక్కడ గోల్ఫ్ లేదు, మామూలు పార్కే. కానీ 1744లో వెండి క్లబ్బు పోటీ కోసం ఎడిన్‌బరా గోల్ఫర్లు 13 నియమాలు రాసుకున్నది ఇక్కడి ఆటకే. రాతలో దొరికిన మొదటి గోల్ఫ్ రూల్స్ అవి. అంతకు ముందు 1457లో అయితే, జనం విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని స్కాట్లండ్ పార్లమెంటు ఫుట్‌బాల్‌తో పాటు గోల్ఫ్‌ను కూడా నిషేధించింది. అంటే ఇది ఏ కొద్దిమంది రాజుల ఆటో కాదు. ఊరంతా ఆడితేనే కదా నిషేధించాల్సి వచ్చేది!

టైముంటే రైల్లో అరగంట దూరంలో నార్త్ బెరిక్ ఉంది. అక్కడి వెస్ట్ లింక్స్‌లో పదమూడో హోల్ దగ్గర గ్రీన్‌కి అడ్డంగా పాత రాతి గోడ ఉంటుంది. దాని మీంచే కొట్టాలి. ఎదురుగా సముద్రంలో గానెట్ పక్షులతో తెల్లబడిపోయిన బాస్ రాక్. ఆడకపోయినా ఒడ్డున నడవటానికే వెళ్లొచ్చు.

సాయంత్రాలకు ఎడిన్‌బరాలో కొదవ లేదు. ఆర్థర్స్ సీట్ కొండ 251 మీటర్లే, మెల్లగా ఎక్కితే అమ్మకూ ఇబ్బంది కాలేదు. ఒక్క మాట: ఆగస్టులో ఇక్కడ పండగలు జరుగుతాయి. 1947 నుంచీ ఉన్న సంబరం అది. చూడాలనుకుంటే సరే. గోల్ఫే మెయిన్ అనుకుంటే ఆగస్టు వద్దు, గదుల రేట్లు చూస్తేనే జ్వరం వస్తుంది.

రెండో మజిలీ: సెయింట్ ఆండ్రూస్

ఎడిన్‌బరా నుంచి ల్యూకర్స్‌కు దాదాపు గంట రైలు, అక్కణ్నుంచి బస్సు. ప్రపంచంలో గోల్ఫ్ ఆడే ప్రతివాడూ ఒక్కసారైనా రావాలనుకునే ఊరు. ఇక్కడి ఓల్డ్ కోర్స్ ఏ క్లబ్బు సొంతమూ కాదు, పబ్లిక్ కోర్సు. 1552లోనే ఈ నేల మీద ఆడుకునే హక్కు ఊరివాళ్లదని ఆర్చిబిషప్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. 1764లో 22 హోల్స్‌ను 18 చేసింది కూడా ఇక్కడే. ఇప్పుడు ప్రపంచమంతా 18 ఆడుతోందంటే మూలం ఇదే.

పబ్లిక్ అన్నారు కదా అని నేరుగా వెళ్లి ఆడలేం. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు లాటరీకి పేరివ్వాలి, కనీసం ఇద్దరుండాలి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ కావాలి. ఒంటరిగా వచ్చినవాళ్లకు ముందు రోజు స్వయంగా వెళ్లి పేరిచ్చే డ్రా వేరే ఉంది. సీజన్‌లో ఫీజు 300 పౌండ్లు దాటింది. మన డబ్బుల్లో ముప్పై ఐదు వేల పైమాటే. నాయినకు ఆ అంకె చెప్పలేదు. శుక్రవారం వెళ్లి పేరిచ్చా. శనివారానికి నా పేరు రాలేదు.

నిజం చెప్పనా? చాలా బాధేసింది. ఇన్‌స్టాలో స్విల్కన్ వంతెన మీద ఫొటో ఎప్పుడో ఊహించేసుకున్నా. మొహం చూసి అమ్మే అడిగింది, “ఇంకోటి లేదా ఆడనీకి?” అని.

ఉంది. ఓల్డ్ కోర్స్ పక్కనే హిమాలయాస్! పేరు చూసి కంగారు పడకండి, అది పుటింగ్ గ్రీన్. ఎగుడుదిగుడు మిట్టలుంటాయని ఆ పేరు. 1867లో మొదలైన మహిళల పుటింగ్ క్లబ్ వాళ్లది. సభ్యుల సమయం పోగా మిగతా టైములో కొన్ని పౌండ్లిస్తే ఎవరైనా ఆడొచ్చు. అమ్మ చీర మీద స్వెటర్ వేసుకుని పుట్టర్ పట్టుకుంది. రెండో హోల్ నుంచీ నా కంటే ముందే ఉంది. నాయిన ఇక్కడా ఆడలేదు. స్కోరు మాత్రం గట్టిగా లెక్కపెట్టాడు, నా దెబ్బలైతే మరీ గట్టిగా.

ఆదివారం అసలు సంగతి. ఓల్డ్ కోర్స్‌కు మామూలు ఆదివారాల్లో సెలవు. ఆట ఉండదు, ఊరంతా కుక్కల్ని తీసుకుని షికారుకు వస్తుంది. మేమూ నడిచాం. పద్దెనిమిదో హోల్ ఫెయిర్‌వే మధ్యలో నాయిన గొంతుక్కూర్చున్నాడు. గడ్డిని వేళ్లతో విడదీసి చూశాడు, ఇసుక తీసి అరచేతిలో నలిపాడు.

“ఇసుకల ఇంత సన్నగడ్డి! మేం ట్యాంకర్లకు ట్యాంకర్లు పోసినం రా. గీ గడ్డి తక్కువ నీళ్లకే బతుకుతది.”

ఫెస్క్యూ అంటారు ఆ గడ్డిని. పేరు చెప్తే తలూపాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి చూపు అది. వంతెన మీద ఫొటో దిగాం. లాటరీ తగిలి ఉంటే ఆ నాలుగు గంటలూ నా స్కోరు చూసుకుంటూ గడిపేవాణ్ని.

మూడో మజిలీ: రైలు ఆగిపోయే చోటి నుంచి

గ్లాస్గోలో ఇంటి దగ్గర ఒక రాత్రి పడుకుని, పొద్దున మలేగ్ రైలెక్కాం. ఐదు గంటల పైన ప్రయాణం. దారిలో గ్లెన్‌ఫినన్ వంతెన వస్తుంది. హ్యారీ పోటర్ సినిమాల్లో రైలు వెళ్లేది దాని మీదే. మలేగ్‌తో పట్టాలు అయిపోతాయి. అక్కణ్నుంచి ఫెర్రీలో మూడున్నర గంటలు పోతే సౌత్ ఊయిస్ట్ దీవి.

పోతే! మరుసటి రోజు గాలికి ఫెర్రీ రద్దయింది. ఒక రోజు ఖాళీ ఉంచుకున్నాం కాబట్టి సరిపోయింది. ఫిష్ అండ్ చిప్స్ తింటూ, అమ్మ తెచ్చిన కరివేపాకు కారం దాని మీద చల్లుకుంటూ కూర్చున్నాం.

సౌత్ ఊయిస్ట్‌లో ఆస్కర్నిష్ ఉంది. 1891లో ఓల్డ్ టామ్ మోరిస్ గీసిన కోర్సు. తర్వాత వాడకం తగ్గి, ఇసుక దిబ్బల్లో ఉన్న భాగమంతా మరుగున పడిపోయింది. 2005లో వెతికి పట్టుకుని, 2008లో మళ్లీ తెరిచారు. ఊరికే జరగలేదు. ఇది క్రాఫ్టర్లు, అంటే చిన్న కౌలు రైతులు, పశువుల్ని మేపుకునే నేల. మేత హక్కు పోతుందని కొందరు కోర్టుకెక్కారు. ఇప్పుడు చలికాలంలో పశువులు మేస్తాయి, మిగతా రోజుల్లో ఆట నడుస్తుంది.

వాళ్ల భయం ఉత్తిది కాదు. 1851లో ఈ దీవి యజమాని కర్నల్ గార్డన్ ఎంతోమంది కౌలుదారుల్ని ఇళ్లు ఖాళీ చేయించి కెనడా ఓడలెక్కించాడు. కోర్సు వేయించింది కూడా ఆ కుటుంబపు కోడలే. 2006లో దీవి ప్రజలే కలిసి ఎస్టేట్ కొనుక్కున్నారు. దాదాపు 93,000 ఎకరాలు. ఇదంతా చెప్తే నాయిన కాసేపు మాట్లాడలేదు.

“మన దొరల లెక్కనే,” అన్నాడు. “గని వీళ్లు భూమి తెచ్చుకున్నరు.”

మీరు వెళ్లాలంటే

మే బెస్ట్. జూన్ నుంచి పడమటి తీరంలో మిడ్జ్ అనే చిన్న పురుగులు మొదలవుతాయి, కుట్టి చంపుతాయి. కానీ జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. మీ ఇష్టం.

ఇండియా నుంచైతే విజిటర్ వీసాకు మూడు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. తర్వాత ముందుగా బుక్ చేయాల్సింది ఫెర్రీ, దీవిలో గది. గోల్ఫ్ ఆ తర్వాతే. దీవికి వెళ్లే ముందూ, వచ్చాకా ఒక్కో రోజు ఖాళీ పెట్టుకోండి. విమానం రోజుకు ఫెర్రీని ముడిపెట్టొద్దు.

పూర్తి క్లబ్బుల సెట్టు మోయనక్కర్లేదు. చాలా చోట్ల అద్దెకిస్తారు, ముందే మెయిల్ పెట్టి అడగండి. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. మంచి రెయిన్ జాకెట్, రెండు జతల సాక్సులు చాలు. రోజుకు ఒక్క కోర్సే. మిగతా టైము నడవండి, చూడండి.

చివరి హోల్ కాదు గానీ...

ఆస్కర్నిష్‌లో ఆ సాయంత్రం మేం ముగ్గురమే. గ్రీన్ ఫీజు సెయింట్ ఆండ్రూస్‌తో పోలిస్తే చాలా తక్కువ. దిబ్బల మధ్య నడుస్తుంటే ఒక్కసారిగా అట్లాంటిక్ సముద్రం కనబడింది. నా సెవెన్ ఐరన్ నాయిన ముందుకు చాపా.

ఈసారి వద్దనలేదు. అటూ ఇటూ చూశాడు. గేటు లేదు, మెంబర్లు లేరు. మొదటి దెబ్బ గాలికి పోయింది. అమ్మ నవ్వింది. రెండో దెబ్బకు బంతి కంటే ముందు నేల తగిలి గడ్డిపెళ్ల లేచింది. బంతి ఓ ముప్పై గజాలు దొర్లి ఆగింది.

నేను చప్పట్లు కొడుతూనే ఉన్నా. నాయిన బంతి వైపు చూడనేలేదు. ఆ గడ్డిపెళ్ల తెచ్చి లేచిన చోటే పెట్టి, కాలితో మెల్లగా అదిమాడు. నాలుగు వైపులా సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

“ఇంకో బంతి పెట్టు.”