తీగ ఉన్నంత దూరం

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. పనివాడు పనిముట్టును తప్పుపట్టినప్పుడల్లా ఈ సామెతను ఎవరో ఒకరు విసురుతూనే ఉంటారు. కాని మద్దెల నిజంగానే ఓడైన రోజులూ ఉంటాయి. ఇల్లు కట్టే చోట అటువంటి రోజు వస్తే పోయేది ఒక పూట కూలి, ఒక్కొక్కప్పుడు ప్రాణం.

తమిళనాడులోని హోసూరు కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. ఆ వీధులలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే మనిషి నోట వినిపిస్తాయి. 1970 దశకంలో పారిశ్రామికవాడ వచ్చినప్పటి నుండి ఊరు నాలుగు దిక్కులా పెరుగుతూనే ఉన్నది. ఊరు పెరిగితే మొదట పని దొరికేది మేస్త్రీలకు. అటువంటివారిలో ఒక వడ్రంగి మేస్త్రి ఉన్నాడు. ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. తాత బాడిశతో చెక్కి బతికాడు. తండ్రి తాడు బరమాతో ద్వారబంధాలకు బెజ్జాలు వేశాడు. ఒకరు బరమాను పైనుండి అదిమిపట్టుకొంటే, ఇంకొకరు తాడును అటూ ఇటూ లాగేవారు; ఒక్క బెజ్జానికి ఇద్దరు మనుషులు. ఈయన చేతికి కరెంటు బరమా వచ్చింది. అందరూ దాన్ని డ్రిల్లింగు మిషను అంటారు గాని, ఆయన మాత్రం ఇప్పటికీ బరమా అనే అంటాడు. ఆలోచిస్తే అదీ సబబే. అప్పటి బరమాకు తాడు ఉన్నది, దీనికీ తాడు ఉన్నది. దీని తాడులో కరెంటు పారుతుంది, అంతే తేడా.

ఒక వానాకాలంలో ఆయన మూడంతస్తుల ఇంట్లో తలుపుల పని గుత్తకు తీసుకొన్నాడు. వెంట మేనల్లుడు ఉన్నాడు. పని నేర్చుకొంటున్న కుర్రవాడు. తాత్కాలిక మీటరును రోడ్డు పక్కన ఒక కొయ్యపలకకు బిగించి, పైన రేకు కప్పారు. అక్కడి నుండి పైఅంతస్తుకు కరెంటు అందడానికి ఒక బోర్డు తీగ చాలక, దానికి రెండోది, రెండోదానికి మూడోది తగిలించారు. ఒక చోట తీగ తెగితే ముడివేసి టేపు చుట్టారు. మూడో బోర్డుకు పిన్నుల ప్లగ్గు ఊడిపోతే, తీగ కొసలను నేరుగా సాకెట్టు కన్నాలలో దోపి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. ఈ అగ్గిపుల్లల ఇంజనీరింగు చూడనివారు కట్టడపు పనులలో అరుదు.

పొద్దున కురిసిన వాన స్లాబు మీద మడుగు కట్టింది. టేపు చుట్టిన ముడి ఆ మడుగులోకి జారిన సంగతి ఎవరూ గమనించలేదు. మేనల్లుడు ఉత్తకాళ్లతో వచ్చి, తీగ అడ్డుగా ఉన్నదని చేత్తో పక్కకు లాగాడు. చేయి సరిగ్గా ముడి మీద పడింది. కేక కూడా బయటికి రాలేదు, చేయి బిగుసుకుపోయింది. మేస్త్రి అతణ్ణి ముట్టుకోలేదు. ముట్టుకొని ఉంటే ఇద్దరికీ ప్రమాదమే. మీటరు మూడంతస్తుల కింద ఉన్నది. దిగే వ్యవధి లేదు. పక్కనే ఉన్న పొడి చెక్కపట్టీ అందుకొని తీగ మీద బలంగా కొట్టాడు. తీగ విడిపోయింది, కుర్రవాడు వెల్లకిలా పడ్డాడు. డాక్టరు గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి ఉంచుకొని పంపించాడు.

"ఫ్యూజు ఎందుకు పోలేదు మామా?" అని ఇంటికి వచ్చే దారిలో కుర్రవాడు అడిగాడు.

"ఏమోరా. మనిషి పోయేటట్టున్నా అది పోలేదు" అన్నాడు మేస్త్రి.

కుర్రవాడు అడిగింది మంచి ప్రశ్న. ఏడెనిమిది వందల వాట్ల బరమా 230 వోల్టుల దగ్గర మూడు, మూడున్నర ఆంపియర్ల కరెంటు తీసుకొంటుంది. దానికి తగినట్లు ఫ్యూజును అయిదారు ఆంపియర్లకు పెడతారు. మనిషి గుండె లయ తప్పడానికి అందులో యాభయ్యో వంతు, అంటే పదో వంతు ఆంపియరు చాలు. ఆ కాస్త కరెంటు ఫ్యూజుకు లెక్కలోకే రాదు. ఫ్యూజు ఉన్నది తీగను కాలిపోకుండా కాపాడడానికి. మనిషిని కాపాడేది వేరే ఉన్నది. ఒక తీగలో వెళ్లిన కరెంటూ, రెండో తీగలో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని ఆ పరికరం ఎడతెగకుండా పోల్చి చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఎక్కడో ఎవరి ఒంటిగుండానో కరెంటు నేలలోకి పోతున్నదని గ్రహించి, రెప్పపాటులో ఆపేస్తుంది. మీటరు పక్కన చిన్న పెట్టెలో ఇమిడే వస్తువు. అది ఆ ఇంటి దగ్గర లేదు. ఇల్లు పూర్తయ్యాక పెట్టిద్దామని యజమాని అనుకొన్నాడట. ఇల్లు కట్టేవారూ మనుషులేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

బరమాలో లోపం లేదని కూడా చెప్పాలి. దాని ఒంటి మీద ఒక చతురస్రంలో ఇంకొక చతురస్రం గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల రక్షణ ఉన్నదని ఆ గుర్తుకు అర్థం. అందుకే దాని ప్లగ్గుకు ఎర్తు పిన్ను ఉండదు. కాని ఆ రక్షణ బరమా ఒంటికే. ముడులు పడిన తీగకు కాదు. బ్రిటనులో ఈ సంగతిని మరో రకంగా పరిష్కరించారు. అక్కడి ఇళ్లలో మనలాగే 230 వోల్టులున్నా, కట్టడాల దగ్గర ట్రాన్సుఫార్మరు పెట్టి 110 వోల్టులకు తగ్గించి, దాని నడిమధ్య కొనను భూమికి కలుపుతారు. తీగ తగిలినా మనిషికీ భూమికీ మధ్య ఉండేది 55 వోల్టులే. పసుపుపచ్చ రంగు ప్లగ్గును చూసి ఆ సరంజామాను గుర్తుపడతారు.

ఈ ఏర్పాట్లన్నీ జరిగే దాకా ఆగే ఓపిక మేస్త్రికి లేకపోయింది. "అసలు తీగే లేకపోతే పీడా లేదు గదా" అని బ్యాటరీ బరమా కొనడానికి అంగడికి వెళ్లాడు.

తీగ లేని బరమా వయస్సు మనం అనుకొనేదానికంటె ఎక్కువే. చేత్తో పట్టుకొనే కరెంటు బరమాను 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టులో ఫైన్ సంస్థ తయారుచేసింది. పిస్తోలు లాంటి పిడి, వేలితో నొక్కే మీట ఉన్న బరమాకు అమెరికాలో బ్లాక్, డెక్కర్ అనేవారు 1917లో పేటెంటు పొందారు. ఆ సంస్థే 1961లో బ్యాటరీతో తిరిగే బరమాను అమ్మకానికి తెచ్చింది. చంద్రుడి మీదికి వెళ్లడానికే దాన్ని కనిపెట్టారని కొందరు రాస్తుంటారు గాని, అది వరుస తిరగేసి చెప్పడమే. మొదట బరమా వచ్చింది. తరువాతనే చంద్రుడి మీద వాడడానికి ప్రత్యేకమైనదాన్ని అదే సంస్థ చేసి ఇచ్చింది. 1971లో అపోలో 15 యాత్రికులు దానితో చంద్రుడి నేలను తొలిచారు. మూడు మీటర్ల లోతు పోవాలనుకొన్నచోట సగం దాకా పోయి మొరాయించింది. మరోచోట దిగిన గొట్టాన్ని పైకి లాగడానికి ఇద్దరు యాత్రికులూ భుజాలు ఆనించి తంటాలు పడ్డారు. తాడు బరమా నాటి ఇద్దరు మనుషుల పని అక్కడా తప్పలేదు.

ఆనాటి బ్యాటరీలు బరువు. చార్జి తొందరగా దిగిపోయేవి. 1991లో లిథియం అయాన్ బ్యాటరీలు అంగడికి వచ్చాయి. 2005 ప్రాంతంలో అవి పనిముట్లలోకి చేరాకే మేస్త్రీలు తీగ లేని బరమాను నమ్మడం మొదలుపెట్టారు. ఆ బ్యాటరీల వెనుక కృషికి ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది.

అంగడివాడు రెండు పెట్టెలు చూపించాడు. ఒకదాని మీద 18 వోల్టులు, రెండోదాని మీద 20 వోల్టులు అని రాసి ఉన్నది. మేస్త్రి 20 వోల్టులదే బలమైనదనుకొన్నాడు. నిజానికి రెండింటి లోపలా అవే అయిదు ఘటాలు వరుసగా ఉంటాయి. నిండా చార్జి చేసిన క్షణాన ఒక్కొక్కటి నాలుగు వోల్టులకు కాస్త పైన చూపుతుంది. పనిలో సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. నిండుగా ఉన్నప్పటి లెక్క ఒకరు వేస్తే, సగటు లెక్క ఇంకొకరు వేశారు. ఆ రెండు వోల్టుల కోసం ఎక్కువ సొమ్ము పోసేవారి మీద జాలిపడవలసిందే.

మొదటి వారం మేస్త్రికి పండుగలాగే గడిచింది. నిచ్చెన మీద నిలబడి అటకకు స్క్రూలు బిగించేటప్పుడు కాలికి చుట్టుకొనే తీగ లేదు. గది మారినప్పుడల్లా "బోర్డు జరపరా" అని కేక వేయనక్కరలేదు. ఒక చార్జితో పొద్దంతా స్క్రూలు బిగించినా బ్యాటరీ ఇంకా మిగిలింది.

రెండో వారంలో ఆయన అదే బ్యాటరీతో నడిచే గ్రైండరు కూడా తెచ్చి, గడపకు గ్రానైటు పలక కోయడానికి కూర్చున్నాడు. కొద్ది నిమిషాలకే అది ఆగిపోయింది. మిషను చెడిపోయిందని ఆయన అంగడివాడిని తిట్టుకొన్నాడు. కాగితం మీద లెక్క వేసింది మేనల్లుడే. 18 వోల్టులను 5 ఆంపియర్-గంటలతో గుణిస్తే 90 వాట్-గంటలు. గ్రైండరు పూర్తి బలంతో 900 వాట్లు లాగితే, గంటలో పదో వంతు, అంటే ఆరు నిమిషాలకు బ్యాటరీ ఖాళీ. స్క్రూ బిగించడం చెంబుతో నీళ్లు ముంచుకోవడం లాంటిదైతే, రాయి కోయడం కుండను బోర్లించడం లాంటిది. మిషనులో లోపం లేదు; దానికి అప్పగించిన పనిలోనే ఉన్నది లోపం. రాయి కోయడం, కాంక్రీటు పగలగొట్టడం, గోడలో పైపులకు గాడి తీయడం గంటల తరబడి సాగే పనులు. అక్కడ తీగ ఉన్న మిషనుకే నేటికీ పెద్దపీట.

అయితే తీగకూ దాని లెక్క దానికి ఉన్నది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ యాభై మీటర్ల పొడవున వేస్తే, పోనూ రానూ కలిపి దాదాపు 1.8 ఓములు అడ్డుపడుతుంది. ఆరు ఆంపియర్లు లాగే మిషనుకు దారిలోనే పదకొండు వోల్టులు తరిగిపోతాయి. అసలే సాయంత్రాలు వోల్టేజి తక్కువ. అప్పుడు మిషను వేగం తగ్గుతుంది, పనివాడు ఇంకా గట్టిగా అదుముతాడు, లోపలి చుట్టలు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. సన్నని తీగ కొని మిగిల్చిన డబ్బు మోటారు చుట్టించడానికి పోతుంది. చుట్ట చుట్టిన తీగను విప్పకుండా వాడినా ప్రమాదమే; వేడి పోయే దారి లేక పైతొడుగు కరిగిపోతుంది.

ఇంకొక సంగతి మేస్త్రికి నెల చివర తెలిసింది. తీగ ఉన్న మిషను యజమాని మీటరు మీద నడుస్తుంది. బ్యాటరీని మేస్త్రి రాత్రి తన ఇంట్లో చార్జి చేసుకొంటున్నాడు. కరెంటు ఖర్చు పెద్దది కాదు. ఒక్క యూనిట్‌తో పది సార్లు చార్జి చేయవచ్చు. భారం బ్యాటరీ ధరదే. వాడినా, వాడకపోయినా అది ఏటేటా నీరసించేదే. ఎండలో పడేసి ఉంచితే, మోటారు సైకిలు పెట్టెలో వేడికి మగ్గబెడితే ఇంకా ముందే పోతుంది. తీగ మిషనుకు కార్బను బ్రష్షులు అరిగితే కొద్ది రూపాయలతో మార్చుకొని మరి కొన్నేళ్లు లాగవచ్చు. బ్యాటరీ పోతే ఆ భారమంతా పనివాడిదే. గుత్త మాట్లాడుకొనేటప్పుడు ఈ లెక్క అడిగే మేస్త్రీలు తక్కువ. ఈయన తరువాతి పనికి అడిగాడు. యజమాని కొంత గొణిగి, కొంత ఒప్పుకొన్నాడు. దానితోపాటు మీటరు పక్కన ఆ 30 మిల్లీ ఆంపియర్ల పెట్టె పెట్టిస్తేనే పని మొదలుపెడతానన్నాడు. అదీ పెట్టించాడు.

ఆ ఇంటి పని నడుస్తుండగా నెలనెలా వచ్చే మరమ్మతుల రోజు వచ్చింది. ఉదయం తొమ్మిదింటికి కరెంటు ఆగింది. గ్రానైటు కోసేవాడు, వైరింగు చేసేవాడు నీడకు చేరి కూర్చున్నారు. మేస్త్రి బరమా మాత్రం తిరుగుతూనే ఉన్నది. వైరింగు చేసే అతను వచ్చి, "అన్నా, ఆ రెండో బ్యాటరీ ఒక గంట ఇస్తారా?" అని అడిగాడు. మేస్త్రి సంతోషంగానే ఇచ్చాడు. కాని అతని బరమా వేరే కంపెనీది, గాడి సరిపోలేదు. కంపెనీలు కావాలనే అలా చేస్తాయి. ఒకసారి వారి బ్యాటరీ కొన్నవాడు పదేళ్లు వారి వాకిట్లోనే తిరగాలని.

పన్నెండు దాటాక మొదటి బ్యాటరీ దిగిపోయింది. రెండోదాన్ని పెడితే ఒక్క గీతే వెలిగింది.

"రాత్రి చార్జికి పెట్టలేదా?" అని అడిగాడు మేస్త్రి.

"ఒకటే పెట్టాను మామా. రెండోది పెట్టేలోగా నిద్రపట్టింది."

మేస్త్రి ఏమీ అనలేదు. సంచిలో నుండి తండ్రి నాటి ఉలి తీసి, గొళ్లేనికి గాడి చెక్కుతూ కూర్చున్నాడు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. కుర్రవాడు కిందికి దిగి, మీటరు పక్కన కొత్త పెట్టె మీది పరీక్ష మీట నొక్కాడు. మీట టక్కుమని పడింది. మళ్లీ పైకి ఎత్తి, చెప్పులు తొడుక్కొని, గ్రానైటు కోసేవాడి తీగచుట్ట పూర్తిగా విప్పడానికి మెట్లెక్కాడు.