మా పెరట్లో జన్మశని

"ఒరేయ్, మందపల్లిలో నీ పేరున తైలాభిషేకం చేయించాను. ఇక దిగులు పడకు" అంది అమ్మ ఫోనులో. నాది మీనరాశి. 2025 మార్చి ఆఖర్న శని అందులోకి వచ్చాడు కాబట్టి నాకిప్పుడు జన్మశని, ఏలినాటిలో నడిమి భాగం. అమ్మకి అక్కడ తెల్లవారింది. ఇక్కడ మిషిగన్‌లో నేను పెరట్లో చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, ఆ శనికే టెలిస్కోపు గురిపెట్టి ఉన్నాను.

గరాజ్ సేల్‌లో 40 డాలర్లకు దొరికిన పాత సరుకు అది. అద్దం ఆరంగుళాలు. బయటికి తెచ్చాక ఆ అద్దం చల్లబడడానికి అరగంట పైనే పడుతుంది. తొందరపడితే గ్రహం మరిగే నీళ్ల అడుగున బిళ్లలా వణుకుతుంది. పక్కింటి కప్పు మీదుగా చూసినా అంతే, వాళ్ల హీటర్ వేడి. (ఈ ఊళ్లో ఇరుగుపొరుగుతో నాకున్న తగాదా ఇదొక్కటే. అదీ వాళ్లకు తెలియదు.)

2018లో అమ్మ వచ్చినప్పుడు చూడమన్నాను. "అమ్మో, శనినా!" అని వెనక్కి జరిగింది. కాసేపటికి తనే వచ్చి వంగింది. ఎంతకీ కన్ను తీయదు. "పళ్లెంలో లడ్డూలా ఉన్నాడు కదరా!"

ఈ 2025 నవంబరులో ఆ పళ్లెం లేదు. లడ్డూకి అడ్డంగా సన్నటి గీత, అంతే. అడ్డంగా రెండు లక్షల కిలోమీటర్లు దాటిన వలయాల మందం చాలాచోట్ల పదుల మీటర్లే. అంచు మనవైపు తిరిగితే ఇంకేం కనపడుతుంది? 1610లో శనికి చెరోపక్కా ఏవో చూసిన గెలీలియో, 1612లో అవి మాయమయ్యేసరికి బిత్తరపోయాడు. అవి వలయమని హైగెన్స్ పుస్తకం రాసింది 1659లో.

ఉండబట్టలేక అమ్మకి చెప్పేశాను. "శనికే దిష్టి తగిలిందేంట్రా?" అంది.

శని ఒక చుట్టు తిరగడానికి 29.5 ఏళ్లు. అమ్మ దాన్ని పన్నెండు రాశులకు పంచి, రాశికి రెండున్నర, మూడింటికి ఏడున్నర అని ఏలినాటి కడుతుంది. నేను సగం చేసి, సుమారు పదిహేనేళ్లకోసారి వలయాలు సన్నబడతాయంటాను. ఆమె లెక్కలో నా ఏలినాటి 2030కి తీరుతుంది. నా లెక్కలో అప్పటికి పళ్లెం మళ్లీ బాగా విచ్చుకుంటుంది. అప్పుడు రమ్మన్నాను.

ఆమె పదేళ్ల వీసా మాత్రం 2028తో అయిపోతుంది.