రాయనివాళ్ళ లెక్క

అమెరికా సమాజశాస్త్రవేత్త స్కాట్ లాంగ్ వాడిన ఒక పట్టికను సంఖ్యాశాస్త్రం చదివినవాళ్ళు చాలామంది ఎరుగుదురు. జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన 915 మంది, చదువు చివరి మూడేళ్ళలో ఎన్నేసి పత్రాలు ప్రచురించారో అందులో ఉంటుంది. సగటు 1.69. ఒకరైతే ఏకంగా 19. ఒక్కటీ ప్రచురించనివాళ్ళు 275 మంది. నా కన్ను ఎప్పుడూ ఆ 275 దగ్గరే ఆగుతుంది.

ఇలాంటి లెక్కలకు వాడే మామూలు పాయిజాన్ మోడల్ సున్నాలు 20.9 శాతం ఉండాలంటుంది. ఉన్నవి 30. ఈ లోటుకు డయాన్ లాంబర్ట్ 1992లో ఒక దారి చూపారు. ఆమె పరిశీలించింది సర్క్యూట్ బోర్డుల టంకంలో లోపాలను. తయారీ అంతా సవ్యంగా ఉంటే లోపానికి తావే లేదు. సవ్యంగా లేకపోయినా ఒక్కోసారి లోపం పడకుండా గడిచిపోతుంది. సున్నా ఒకటే, వచ్చిన దారులు రెండు. మనుషుల్లోనూ అంతే: అసలు ప్రచురణ ఊసే లేనివాళ్ళు కొందరు, రాస్తూనే ఉన్నా ఆ మూడేళ్ళలో ఏదీ అచ్చుకాని వాళ్ళు కొందరు.

లాంబర్ట్ మోడల్ సున్నాలు 29.9 శాతం అంటుంది. ఇక్కడే తృప్తిపడిపోతామేమోనని నా భయం. సున్నాల కోసమే చేర్చిన భాగం సున్నాలను సరిగ్గా చెప్పడం ఏపాటి పరీక్ష? రెండు దారులన్న ఊహే లేని, లెక్కలు పాయిజాన్ అనుకున్నదానికన్నా ఎక్కువ చెదరవచ్చని మాత్రమే ఒప్పుకునే ఋణ ద్విపద మోడల్ కూడా 30.4 అంటోంది. పైగా తక్కువైతే మేలని చూసే ఏఐసీ కొలతలో దానిది సుమారు 3136, లాంబర్ట్ మోడల్‌ది 3234. తేడా సున్నా దగ్గర లేదు. సున్నా దాటిన తర్వాతి సంఖ్యల్లో ఉంది.

అందుకే నాకు సంఖ్యాశాస్త్రవేత్త జాన్ ట్యూకీ వేలాడే కమ్మీల పటం ఇష్టం. అసలు లెక్కలను చూపే కమ్మీలను నేల మీద నిలబెట్టరు, మోడల్ ఊహించిన వంపు నుంచి కిందికి వేలాడదీస్తారు. కమ్మీ అడుగు సున్నా గీతను అందుకోకపోతే మోడల్ అక్కడ ఎక్కువ ఊహించింది, గీత దాటితే తక్కువ ఊహించింది. ఎత్తులు వర్గమూలాల్లో ఉంటాయి కనుక చివరనున్న ఒకరిద్దరూ కనబడతారు. ఒక్క అంకెలో ఇంత సమాచారం ఇమడదు.

రెండు దారుల ఊహను ఋణ ద్విపద మోడల్‌తో కలిపితే ఏఐసీ 3126కు దిగుతుంది. అయినా ఆ 275 మందిలో ఎవరిది ఏ సున్నానో తేలదు. ఒక్కొక్కరికీ ఒక సంభావ్యత మాత్రం వస్తుంది. 'ఎప్పటికీ సున్నా' వైపు నెట్టే కారణాల్లో పెళ్ళి, పసిపిల్లలు, విభాగం పేరు ప్రతిష్ఠలు ఏవీ గట్టిగా నిలవలేదు. నిలిచింది ఒక్కటే, గైడ్ తాను ఎన్ని పత్రాలు ప్రచురించారన్నది. గైడ్ ఎంత ఎక్కువ రాస్తే శిష్యుడు ఆ గుంపులో ఉండే అవకాశం అంత తక్కువ.